సాధన కోసం రాసిన నవల



ఈ మధ్య పండగ సంబరాల్లోనూ, పిల్లల పుట్టినరోజుల్లోనూ కలిసిన తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయి రాత్రిళ్ళు కూర్చుని ఏవో కథలు రాస్తోందండీ. రెక్కల గుర్రాలు, శాపం తగిలిన రాకుమారుడు, వాణ్ణి వెతుక్కుంటూ ఏడు లోకాలు తిరిగే పిల్ల... ఇదేమన్నా కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందంటారా?" ఇలా అడుగుతున్నప్పుడు ఆ అమ్మాయో, అబ్బాయో పక్కనే ఉంటే మాత్రం తల వంచుకుని కాలి బొటనవేలితో కార్పెట్ గీకుతూ ఉంటారు!

అడిగినవాళ్ళ తప్పేమీ లేదు. ర్యాంకులు తెచ్చుకుని, ఆ ర్యాంకుల పుణ్యమా అని విమానం ఎక్కి వచ్చిన తరం మనది. మన ఇళ్ళలో పిల్లలు చేసే ప్రతి పనికీ చివర ఒక వేదికో, ఒక కప్పో, ఒక సర్టిఫికెట్టో ఉండాలి. కూచిపూడి నేర్చుకుంటే అరంగేట్రం, పదాల స్పెల్లింగులు నేర్చుకుంటే పోటీ, ఆఖరికి సేవ చేసినా ఇన్ని గంటలని ఒక కాగితం! "ఊరికే చేస్తున్నాను" అని పిల్లలు అంటే మనకి కొంచెం భయం వేస్తుంది.

అందుకే ఈసారి ఊరికే, ఎవరికీ చూపించే ఉద్దేశం లేకుండా ఒక నవల రాసిన ఆవిడ గురించి చెప్పాలనిపించింది. ఆవిడ పేరు డయానా గాబల్డోన్. 1991లో వచ్చిన ఆ నవల పేరు 'అవుట్‌లాండర్'. ఇంగ్లండులో 'క్రాస్ స్టిచ్' అనే పేరుతో వేశారు. 2014లో టీవీ సీరియల్‌గా మొదలయ్యాక మన ఇళ్ళలో కూడా చాలామందికి తెలిసింది.

పిల్లలూ, ముందే ఒక మాట. ఆ నవలలు పెద్దవాళ్ళ కోసం రాసినవి. యుద్ధాలు, హింస, పెద్దవాళ్ళ ప్రేమలు దండిగా ఉంటాయి. వాటికి ఇంకా కొన్నేళ్ళు ఆగండి. కానీ ఆ నవల ఎలా పుట్టిందన్న కథ మాత్రం మీరు ఇప్పుడే వినొచ్చు. నిజానికి అది మీకోసమే.

పక్షి గూళ్ళ నుంచి కంప్యూటర్ల దాకా

గాబల్డోన్ 1952లో ఆరిజోనా రాష్ట్రంలో పుట్టారు. నవలలు రాయాలని చిన్నప్పుడే అనిపించిందట. కానీ ఇంట్లో పద్ధతి గల వాతావరణం. బాగా చదువుకో, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు, రేపు నీ పిల్లల్ని నువ్వే పోషించుకోవలసి రావచ్చు అని తండ్రి ఎప్పుడూ చెప్పేవారట. వింటుంటే ఎక్కడో గుంటూరులోనో, వరంగల్‌లోనో మన నాన్నగారు మాట్లాడుతున్నట్టు లేదూ?

ఆవిడ ఆ మాట విన్నారు. జంతుశాస్త్రంలో డిగ్రీ, సముద్ర జీవశాస్త్రంలో మాస్టర్స్, 1978లో పీహెచ్‌డీ. పిన్యన్ జే అనే పక్షులు గూడు కట్టుకోవడానికి చోటు ఎలా ఎంచుకుంటాయన్నది పరిశోధనాంశం! ఆ తర్వాత ఆరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఉద్యోగం. శాస్త్ర పరిశోధనలకి కంప్యూటర్లని వాడటం అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులవి. ఆవిడ అందులో ఆరితేరి, 1984లో 'సైన్స్ సాఫ్ట్‌వేర్ క్వార్టర్లీ' అనే పత్రిక పెట్టి, దాని సంపాదకత్వం చూశారు. కంప్యూటర్ పత్రికలకి సాఫ్ట్‌వేర్ సమీక్షలు రాశారు. అంతకు ముందు డిస్నీ వారి బొమ్మల కథల పుస్తకాలకి కథలు కూడా రాసి ఇచ్చారు. మొదటి కథని అక్కడి ఎడిటర్ తిప్పి పంపి, ఎందుకు బాగాలేదో చెప్పారట. రెండో కథ కొన్నారు. కూటి కోసం కోటి విద్యలంటే ఇదే మరి!

ఇలా ముప్ఫై అయిదేళ్ళు వచ్చాయి. ఇంట్లో ముగ్గురు చిన్న పిల్లలు, బయట ఉద్యోగం, దాని మీద పత్రికలకి రాయడం. మొజార్ట్ ముప్ఫై ఆరు నిండకుండానే పోయాడు, నవల రాయాలంటే ఇంక మొదలుపెట్టక తప్పదు అని అనుకున్నారట. 1988 మార్చిలో మొదలుపెట్టారు.

ఎవరికీ చెప్పని పని

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆవిడ గొప్ప నవల రాయాలని కూర్చోలేదు. అచ్చు వేయించుకోవాలనీ కూర్చోలేదు. నవల ఎలా రాస్తారో తెలుసుకోవాలంటే ఒక నవల రాసి చూడటమే దారి అనుకుని, సాధన కోసం మొదలుపెట్టారు. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. మొదట్లో భర్తకి కూడా తెలియదు.

సాధన పుస్తకమే కదా, ఏది తేలికైతే అదే రాద్దాం అనుకున్నారు. లైబ్రరీలో సమాచారం వెతకడం పరిశోధకురాలికి వెన్నతో పెట్టిన విద్య. కాబట్టి చారిత్రక నవల. ఒకవేళ తనకి ఊహాశక్తి లేదని తేలినా, చరిత్రలోంచి తెచ్చుకోవచ్చు! ఏ దేశం, ఏ కాలం? ఆ రోజుల్లోనే టీవీలో 'డాక్టర్ హూ' పాత ఎపిసోడ్లు చూస్తుంటే అందులో గళ్ళ కిల్టు కట్టుకున్న జేమీ అనే స్కాట్లండ్ కుర్రాడు కనిపించాడు. బాగున్నాడు కదా, పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లండ్ అయితే సరి అనుకున్నారు. ఇంత పెద్ద నిర్ణయానికి అంత చిన్న కారణం! అప్పటికి ఆవిడ స్కాట్లండ్ చూసింది లేదు. యూనివర్సిటీ లైబ్రరీలో దొరికిన పుస్తకాలే ఆవిడకి స్కాట్లండ్. (ఆ జేమీ వేషం వేసిన నటుడు ఫ్రేజర్ హైన్స్ పాతికేళ్ళ పైన గడిచాక, 2015లో, ఈ టీవీ సీరియల్లోనే ఒక జైలు అధికారిగా కనిపించాడు. తిరిగి తిరిగి ఋణం తీర్చుకున్నట్టు!)

మాయ ఎలా వచ్చిందో వినండి. రాయడం మొదలుపెట్టిన రెండు మూడు రోజులకి, ఇంతమంది కిల్టుల మగవాళ్ళ మధ్య ఒక ఇంగ్లిషు స్త్రీ ఉంటే కాస్త ఘర్షణ ఉంటుందని ఒకామెని గదిలోకి పంపారు. ఆమె నోరు తెరవగానే ఆ కాలపు మనిషిలా మాట్లాడలేదు. ఇరవయ్యో శతాబ్దపు స్త్రీలా గడగడా మాట్లాడింది! గాబల్డోన్ కొన్ని పేజీల పాటు ఆమెని వంచి పాతకాలం మనిషిని చేద్దామని చూశారు. కుదరలేదు. సరే, ఇలాగే మాట్లాడు, నువ్వు అక్కడికి ఎలా వచ్చావో తర్వాత చూద్దాం అని వదిలేశారు. అలా పుట్టింది ఆ కథ. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన క్లేర్ అనే నర్సు, 1945లో భర్తతో కలిసి స్కాట్లండ్ కొండలకి వెళ్ళి, నిలువు రాళ్ళ వలయంలో ఒక రాయిని తాకి 1743లో పడుతుంది. అక్కడ జేమీ ఫ్రేజర్ కనిపిస్తాడు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో స్కాట్లండ్ కొండ తెగల వీరులు కూలిపోతారని ఆమెకి ముందే తెలుసు. వాళ్ళకి తెలియదు. ప్రేమించిన మనిషి భవిష్యత్తు ముందే తెలిసిన స్త్రీ ఏం చేస్తుంది? ఇన్ని వేల పేజీలు నడిచింది ఆ ఒక్క ప్రశ్న మీదే.

పాత్ర మాట వినకపోతే పాత్రనే అనుసరించడం ఎవరి వల్ల అవుతుంది? మార్కులు వేసేవాళ్ళు ఎవరూ చూడటం లేదని తెలిసినవాళ్ళ వల్ల అవుతుంది. రేపు పోటీకి పంపాలన్న కథ అయితే ఆ పేజీలు చింపేసి, పద్ధతిగా మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. మాయ కూడా చెత్తబుట్టలోకి పోయేది.

మా వృత్తికి నచ్చని పద్ధతి

నా ఉద్యోగం కంప్యూటర్ కన్సల్టింగ్. మా దగ్గర ముందు ఏం కావాలో రాసుకోవాలి, తర్వాత డిజైన్, తర్వాత కోడ్, చివర టెస్టింగ్. సంతకాలు పడనిదే ఒక్క లైను రాయకూడదు. (రాసేస్తాం, అది వేరే విషయం!) గాబల్డోన్‌కి సాఫ్ట్‌వేర్ తెలుసు. అయినా నవల దగ్గర ఆ పద్ధతి పక్కన పెట్టేశారు. ముందుగా కథ అంతా గీసుకోరు. మొదటి అధ్యాయం నుంచి వరసగా కూడా రాయరు. ఎక్కడ ఒక దృశ్యం కళ్ళకి కడితే అక్కడ మొదలుపెడతారు. అది కథ మధ్యలోదో, చివరిదో ఆవిడకే తెలియదు.

ఏదీ కళ్ళకి కట్టని రోజు ఏం చేస్తారు? దానికి ఆవిడ చెప్పే ఉదాహరణ నాకు చాలా ఇష్టం. ఒకసారి ఏమీ తోచక సోత్‌బీస్ వేలంపాటల కాటలాగు తిరగేస్తుంటే అందులో ఒక పాత స్ఫటికపు పానపాత్ర బొమ్మ కనిపించిందట. దాని మీద వెలుగు ఎలా పడుతుందా అని ఒక వాక్యం రాశారు. నీలపు వెలుగు అని రాశాక ప్రశ్న వచ్చింది. దీపం వెలుగయితే పసుపుగా ఉండాలి కదా, నీలంగా ఎందుకుంది? అయితే కిటికీలోంచి వస్తోంది. చల్లగా ఉంది కాబట్టి చలికాలం. పాత్ర ఒక బల్ల మీద ఉంది. ఆ బల్ల ఎవరింట్లోది? దాని ముందు కూర్చున్నది ఎవరు? ఒక్కో వాక్యాన్నీ ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఒక్కో ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ పోతే, కాసేపటికి ఆ గదిలోకి మనిషి నడిచి వస్తాడు. ఇంచుమించు ఇలా ఉంటుంది ఆవిడ పని.

అలా రాసిన ముక్కలు కొన్ని పోగయ్యాక, ఇది దానికి ముందు జరిగి ఉండాలి, అది దీని వల్ల జరిగి ఉండాలి అని ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముక్కలు కలిపి బొమ్మ చేసే ఆట మన పిల్లలు ఎలా ఆడతారో గమనించారా? ఎడమవైపు పై మూల నుంచి వరసగా పేర్చరు. ఎర్ర ఇల్లు ఉన్న ముక్కలు ఇక్కడ, నీళ్ళున్నవి అక్కడ గుంపులు చేసి, చివర్లో గుంపులు కలుపుతారు. కథ మధ్యలోంచి రాసుకొచ్చే పిల్లల్ని "మొదలు లేకుండా మధ్యలో ఏమిటిది?" అని మనం కోప్పడకూడదు.

అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా

మరి వేళ ఎక్కడిది? పిల్లల్ని పడుకోబెడుతూ తనూ వాళ్ళ పక్కనే నిద్రపోయేవారు. అర్ధరాత్రి లేచి, ఇల్లంతా సద్దుమణిగాక తెల్లవారుజాము నాలుగు దాకా రాసుకుని, మళ్ళీ పడుకునేవారు. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక కూడా ఆవిడ ముఖ్యమైన పనివేళలు అవే. (పిల్లలూ, ఇది మీకు పర్మిషన్ కాదు! రేపు స్కూలుంది.) కొత్తగా రాసేవాళ్ళకి ఆవిడ ఎప్పుడూ చెప్పే సూత్రాలు మూడే. చదవండి. రాయండి. ఆపకండి.

అంత రహస్యంగా ఉంచిన పుస్తకం బయటికెలా వచ్చింది? వాదన వల్ల! ఆ రోజుల్లో కంప్యూసర్వ్ అనే సర్వీసులో సాహిత్యం మీద మాట్లాడుకునే వేదిక ఒకటుండేది. కడుపులో బిడ్డ కదులుతుంటే ఎలా ఉంటుందో అన్న విషయం మీద ఒకాయనతో మాటా మాటా వచ్చి, ఇదుగో నేను ఇలా రాశాను చూడండి అని తన నవలలోంచి ఒక ముక్క పెట్టారు. చదివినవాళ్ళు మిగతాది ఏదని అడిగారు. మిగతాది అప్పటికి ముక్కలు ముక్కలుగా ఉంది! అక్కడ పరిచయమైన రచయితల ద్వారా ఏజెంటు దొరికారు. మూడు పుస్తకాలకి ఒప్పందం కుదిరింది. ఆ తర్వాతే యూనివర్సిటీ ఉద్యోగం మానారు. గమనించండి, ముందు కాదు, తర్వాత.

పుస్తకం వచ్చాక అమ్మేవాళ్ళకి ఇంకో చిక్కు. ఇది చరిత్రా, ఫాంటసీయా, ప్రేమకథా? ఏ అరలో పెట్టాలి? అమెరికాలోని ప్రేమ నవలా రచయితల సంఘం వారు మాత్రం తమ రీటా బహుమతి ఇచ్చి తమలో కలుపుకున్నారు. ఆ సాధన పుస్తకానికి కొనసాగింపుగా 2021లో తొమ్మిదో నవల వచ్చింది. ఎనిమిదో దానికీ తొమ్మిదో దానికీ మధ్య ఏడేళ్ళు! తొందరపడితే అయ్యే పని కాదది.

మనకి కొత్తేమీ కాదు

ప్రేమనీ మాయనీ కలిపి, కథని ముందువెనకలు చేసి చెప్పడం తెలుగువాళ్ళకి కొత్తా? పదహారో శతాబ్దంలోనే పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాశాడు. అందులో గంధర్వులు, అప్సరసలు, వేషాలు మార్చుకోవడాలు, పూర్వజన్మలు అన్నీ ఉన్నాయి. ముందు జరిగినవి ఎందుకు జరిగాయో ఎంతో దూరం చదివితే గాని ముడి విడదు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ గార్ల ఇంగ్లిషు అనువాదం 2002లో వచ్చింది. తెలుగు చదవడం కష్టమైన మన పెద్దపిల్లలు కాలేజీకి వెళ్ళాక దాన్ని అందుకోవచ్చు.

ఇక 'చందమామ' సీరియల్స్ సంగతి మనలో ఎవరు మరిచిపోతారు? 1954లో మొదలైన 'తోకచుక్క', ఆ తర్వాత 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం'... నెలంతా ఎదురుచూసి చదివాం. రాసింది ఎవరో చాలామందికి చాలా ఏళ్ళు తెలియదు. ఆయన దాసరి సుబ్రహ్మణ్యం గారు. చందమామలో ఉద్యోగం చేసుకుంటూ, పత్రికలో తన పేరు కూడా లేకుండా, నెల నెలా మాంత్రికుల్నీ రాక్షసుల్నీ మన ఇళ్ళకి పంపించారు. పేరు వేసినా వేయకపోయినా ఆ కథలు మనల్ని కూర్చోబెట్టి చదివించాయి.

పెద్దలకి ఒక మాట, పిల్లలకి ఒక మాట

గాబల్డోన్ తండ్రి సలహా తప్పా? కాదనే నా అభిప్రాయం. ఆ చదువు వల్ల లైబ్రరీ వాడటం వచ్చింది, వివరం తప్పిపోకుండా చూసుకోవడం వచ్చింది. నవల అమ్ముడుపోకపోయినా ఇల్లు గడుస్తుందన్న ధీమా వచ్చింది. అయితే ఆ ధీమా మొదటి వాక్యం దాకా రావడానికి ముప్ఫై ఆరేళ్ళు పట్టింది. మన పిల్లలు అంతకాలం ఆగాలా? చదువూ సాగనివ్వండి, నోటుబుక్కూ సాగనివ్వండి. రెండూ ఒకే ఇంట్లో ఉండగలవు.

అప్లికేషన్‌కి పనికొస్తుందా అన్న ప్రశ్నకి నా జవాబు ఇది. రావచ్చు. కానీ ఆ మాట పిల్లలతో ఇప్పుడే అనకండి. అన్న మరుక్షణం నుంచి ఆ అమ్మాయి తన రాకుమారుడి కోసం రాయదు, ఎక్కడో కూర్చుని అప్లికేషన్లు చదివే ఆఫీసరు కోసం రాస్తుంది. చూపించమని కూడా అడగకండి. తనంతట తను తెచ్చి చూపిస్తే, ముందు స్పెల్లింగులు దిద్దకండి. "తర్వాత ఏమైంది?" అని అడగండి చాలు. రచయితకి అంతకంటే పెద్ద బహుమతి లేదు.

పిల్లలూ, ఇప్పుడు మీ వంతు. మొదటి వాక్యం దొరకలేదని కూర్చోకండి. మీ వంటింట్లో గూట్లో ఉన్న పాత ఇత్తడి గ్లాసు తీసుకోండి. అమ్మమ్మ గారి ఊరి నుంచి వచ్చినదయితే మరీ మంచిది. దాని మీద వెలుగు ఏ రంగులో పడుతోంది? ఎటువైపు నుంచి వస్తోంది? అందులో ఏముంది? తాగబోతున్నది ఎవరు? తాగొద్దని తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నది ఎవరు? ఒక పేజీ రాయండి, ఇంగ్లిషులో అయినా సరే, తెలుగులో అయితే మరీ సంతోషం. రేపు ఇంకో ముక్క. అవి ఎక్కడ కలుస్తాయో ఇప్పుడే తెలియక్కర్లేదు.

ఈ శీర్షికకి పంపమని మాత్రం అడగను. అది మీ సాధన పుస్తకం. మీ ఇష్టం వచ్చినప్పుడు, మీ ఇష్టం వచ్చినవాళ్ళకే చూపించండి.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అందాకా సెలవు.